రిటర్న్ లాస్ బాగుంది, మరి పవర్ ఎక్కడికి పోయింది? మ్యాచింగ్ నెట్‌వర్క్ పరీక్షలో అసలు చూడాల్సినవి

క్లుప్తంగా: ఇంపెడెన్స్ మ్యాచింగ్ నెట్‌వర్క్ అంటే సిగ్నల్ పంపే వైపునూ అందుకునే వైపునూ పొసిగేలా చేసే కాయిళ్లు, కెపాసిటర్ల అమరిక. దాని పని పవర్‌ను లోడ్‌కు, అంటే యాంటెన్నాలాంటి అందుకునే భాగానికి చేర్చడం. రిటర్న్ లాస్ (పంపినదానికంటే వెనక్కి వచ్చే పవర్ ఎన్ని డెసిబెళ్లు తక్కువో చెప్పే అంకె) చెప్పేది మాత్రం పవర్ వెనక్కి రాలేదన్న ఒక్క సంగతే. ముందుకు వెళ్లిన పవర్ లోడ్‌లోకి చేరిందా, దారిలో కాయిల్‌లోనే వేడిగా మారిపోయిందా అన్నది వేరే పరీక్షలతోనే తేలుతుంది. కొలత మొదలయ్యే చోటును సరిగ్గా నిర్ణయించుకోవడం, నెట్‌వర్క్‌లో పోయే పవర్‌ను విడిగా లెక్కకట్టడం, బ్యాండ్‌విడ్త్ అనుమానాస్పదంగా ఎక్కువగా ఉందేమో చూడడం ఇందులో ముఖ్యం.

వైర్‌లెస్ బోర్డులు తయారుచేసే చోట తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. నెట్‌వర్క్ అనలైజర్ (వెనక్కి వచ్చే, దాటి వెళ్లే సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీల వారీగా కొలిచే పరికరం) తెర మీద కావలసిన ఫ్రీక్వెన్సీ దగ్గర గీత మైనస్ 25 డెసిబెళ్ల లోతుకు దిగుతుంది. మ్యాచింగ్ కుదిరిందని తేల్చేస్తారు. తీరా సిగ్నల్ అందే దూరం అనుకున్నదాంట్లో సగం కూడా రాదు. అప్పుడు చిప్‌ను, సాఫ్ట్‌వేర్‌ను, యాంటెన్నాను ఒక్కొక్కటిగా అనుమానిస్తారు. తప్పు చాలాసార్లు ఆ 25 అంకెను చదివిన తీరులోనే ఉంటుంది.

వెనక్కి రానిదంతా లోడ్‌కు చేరినట్టు కాదు

ముందు అంకెల విలువ తెలుసుకోవాలి. రిటర్న్ లాస్ 6 డెసిబెళ్లయితే పంపిన పవర్‌లో 25 శాతం వెనక్కి వస్తుంది. 10 అయితే 10 శాతం, 15 అయితే దాదాపు 3.2 శాతం, 20 అయితే 1 శాతం. వెనక్కి పోయిన దానివల్ల లోడ్‌కు తగ్గే పవర్‌ను డెసిబెళ్లలో చూస్తే ఇవి వరుసగా 1.25, 0.46, 0.14, 0.04. అంటే రిటర్న్ లాస్‌ను 15 నుంచి 25కు పెంచితే లోడ్‌కు అదనంగా దక్కేది 0.13 డెసిబెళ్లు మాత్రమే. ఆ కాస్త కోసం ఇంకో కాయిల్ పెడితే, ఆ కాయిల్ ఒక్కటే అంతకంటే ఎక్కువ తినేయగలదు. 15 దాటాక లోతు కోసం పాకులాడడంలో సాధారణంగా లాభం లేదు. ఫిల్టర్ల మధ్య, కొలత పరికరాల్లో మాత్రం దీనికి మినహాయింపు ఉంటుంది.

అసలు సమస్య ఇంకోటి ఉంది. 10 డెసిబెళ్ల అటెన్యుయేటర్‌ను (సిగ్నల్‌ను తగ్గించే భాగాన్ని) అనలైజర్‌కు తగిలించి, దాని రెండో కొసను ఏమీ కలపకుండా ఖాళీగా వదిలేయండి. తెర మీద 20 డెసిబెళ్ల రిటర్న్ లాస్ కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు 10, తిరిగొచ్చేటప్పుడు 10 పోయాయి కాబట్టి అలా వస్తుంది. అక్కడ లోడే లేదు, అయినా అంకె చూస్తే మ్యాచింగ్ అద్భుతం. లాస్ అనేది మిస్‌మ్యాచ్‌ను ఇలా మసిపూసి మారేడుకాయ చేస్తుంది. నాసిరకం కాయిల్, పొడవాటి సన్నని కేబుల్, తేమ పీల్చిన బోర్డు కూడా ఇదే పని కొంచెం తక్కువ మోతాదులో చేస్తాయి.

ఒక లెక్క చూద్దాం. చిన్న యాంటెన్నా ఇంపెడెన్స్‌లో 2 ఓమ్‌ల రెసిస్టెన్స్, మైనస్ 150 ఓమ్‌ల రియాక్టెన్స్ (కాయిల్, కెపాసిటర్ గుణం వల్ల కలిగే అడ్డు) ఉన్నాయనుకుందాం. ఆ రియాక్టెన్స్‌ను రద్దు చేయడానికి 150 ఓమ్‌ల ఇండక్టర్ సిరీస్‌లో కావాలి. దాని క్యూ (రియాక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చే నాణ్యత అంకె) 40 అయితే, కాయిల్‌కు సొంతంగా 3.75 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నట్టే. ఇప్పుడు మిగతా నెట్‌వర్క్‌కు కనిపించేది 2 ఓమ్‌లు కాదు, 5.75 ఓమ్‌లు. దాన్ని 50 ఓమ్‌లకు చక్కగా మార్చవచ్చు, రిటర్న్ లాస్ 25 దాటించవచ్చు. కానీ యాంటెన్నాకు చేరేది 5.75లో 2 వంతులు, అంటే 35 శాతం. మిగతా 65 శాతం కాయిల్‌ను వేడి చేస్తుంది. నష్టం 4.6 డెసిబెళ్లు. అనలైజర్ తెర దీని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

కొలత ఎక్కడి నుంచి మొదలవుతోంది?

క్యాలిబ్రేషన్ అంటే పరికరాన్ని సరిచేయడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక ప్రదేశాన్ని ఎంచుకోవడం. ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ప్రమాణాలను ఏ కొసలో తగిలించి కొలిచామో, ఆ కొస సున్నా బిందువు అవుతుంది. ఒక పోర్టుకు ఈ మూడింటితో డైరెక్టివిటీ (వెళ్లే, తిరిగొచ్చే సిగ్నళ్లను విడదీయడంలోని లోపం), సోర్స్ మ్యాచ్, రిఫ్లెక్షన్ ట్రాకింగ్ అనే మూడు దోషాలు తొలగిపోతాయి. రెండు పోర్టుల కొలతకు త్రూ (పోర్టులను నేరుగా కలపడం) కూడా చేర్చాలి.

కేబుల్ కొసలోని ఎస్ఎంఏ కనెక్టర్ దగ్గర క్యాలిబ్రేషన్ చేసి, ఆ తర్వాత బోర్డుకు సోల్డర్ చేసిన చిన్న కేబుల్ ముక్కను కలిపితే సున్నా బిందువు అక్కడే మిగిలిపోతుంది. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 86 మిల్లీమీటర్లు. కేవలం 10 మిల్లీమీటర్ల అదనపు కేబుల్ వల్ల స్మిత్ చార్ట్ (ఇంపెడెన్స్‌ను ఒక వృత్తంలో బిందువుగా చూపే పటం) మీద బిందువు 84 డిగ్రీలు తిరుగుతుంది. 434 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 50 మిల్లీమీటర్లకు 74 డిగ్రీల మలుపు ఉంటుంది. రిటర్న్ లాస్ అంకె మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఇండక్టర్‌లా ఉన్న లోడ్ కెపాసిటర్‌లా కనిపిస్తుంది. ఆ కొలతను నమ్మి ఎంచుకున్న భాగాలు మ్యాచింగ్‌ను ఇంకా చెడగొడతాయి. రోజంతా భాగాలు మారుస్తున్నా ఫలితం అటూఇటూ ఊగుతూనే ఉందంటే ముందుగా చూడాల్సింది ఈ సున్నా బిందువునే.

దీనికి సులువైన మార్గం పోర్ట్ ఎక్స్‌టెన్షన్. కేబుల్ ముక్కను బోర్డుకు అతికించాక, దాని మధ్య తీగ ఇంకా దేనికీ కలవని స్థితిలో కొలవాలి. బిందువు స్మిత్ చార్ట్ కుడి అంచుకు చేరేదాకా ఎక్స్‌టెన్షన్ సమయాన్ని పెంచాలి. తర్వాత మధ్య తీగను గ్రౌండ్‌కు అతికించి చూడాలి. బిందువు ఎడమ అంచుకు వస్తే సరిపోయినట్టే. ఈ పద్ధతి ఫేజ్‌ను మాత్రమే సవరిస్తుంది, సోల్డర్ జాయింట్‌లోని మిస్‌మ్యాచ్‌ను తీయలేదు. 1 గిగాహెర్ట్జ్ దాటితే బోర్డు మీదే ప్రమాణాలు పెట్టుకోవడం మంచిది. మ్యాచింగ్ మొదలయ్యే ప్యాడ్ దగ్గర ముందు ఖాళీగా, తర్వాత గ్రౌండ్‌కు షార్ట్ చేసి, ఆపైన 100 ఓమ్‌ల చిప్ రెసిస్టర్లు రెండింటిని ప్యారలల్‌గా అతికించి కొలిస్తే ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ అక్కడే దొరుకుతాయి.

కేబుల్ కవచాన్ని గ్రౌండ్‌కు అతికించడంలోనూ జాగ్రత్త అవసరం. కవచాన్ని జడలా మెలిపెట్టి ఒకే చోట అతికిస్తే ఆ తోక ఒక ఇండక్టర్‌గా పనిచేస్తుంది. మ్యాచింగ్ ప్యాడ్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే గ్రౌండ్ పూత మీద కవచాన్ని నేరుగా, రెండు వైపులా అతికించాలి.

క్యాలిబ్రేషన్ కుదిరిందో లేదో చూడడానికి అవే ఓపెన్, షార్ట్, లోడ్‌లను మళ్లీ కొలవడం పొరపాటు. వాటితోనే సవరించాం కాబట్టి అవి ఎప్పుడూ బాగానే కనిపిస్తాయి. క్యాలిబ్రేషన్‌లో వాడని వస్తువుతో సరిచూడాలి. 25 ఓమ్‌లు గానీ 100 ఓమ్‌లు గానీ నికరంగా ఉన్న లోడ్ అయితే 9.54 డెసిబెళ్ల రిటర్న్ లాస్ రావాలి. అది తప్పితే కిట్ వివరాలు పరికరంలో తప్పుగా నమోదై ఉండవచ్చు, లేదా కనెక్టర్ వదులై ఉండవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్ కనెక్టర్లను సుమారు 0.9 న్యూటన్ మీటర్లకు, ఇత్తడి ఎస్ఎంఏలను సుమారు 0.56 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో బిగిస్తే ప్రతిసారీ ఒకే ఫలితం వస్తుంది. బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిరగాలి. కనెక్టర్ మొత్తం తిరిగితే మధ్య పిన్ అరిగిపోతుంది.

చాలా లోతైన రిటర్న్ లాస్ అంకెలను నమ్మే ముందు పరికరం హద్దు కూడా గుర్తుంచుకోవాలి. క్యాలిబ్రేషన్ తర్వాత మిగిలిన డైరెక్టివిటీ 40 డెసిబెళ్లయితే, నిజంగా 30 ఉన్న రిటర్న్ లాస్ 27.6 నుంచి 33.3 దాకా ఎక్కడైనా కనిపించవచ్చు. చవకైన చేతి పరికరాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మొదటి తరం నానోవీఎన్‌ఏ 300 మెగాహెర్ట్జ్ పైన హార్మోనిక్స్‌తో (తన సిగ్నల్ గుణిజాలతో) పనిచేస్తుంది, అక్కడి నుంచి దాని డైనమిక్ రేంజ్ తగ్గుతుంది. అది ఒక దిశలోనే సిగ్నల్ పంపుతుంది కాబట్టి రెండో వైపు కొలవాలంటే బోర్డును తిప్పి కలపాలి. అలాగని దాన్ని తీసిపారేయనక్కర్లేదు. 434 మెగాహెర్ట్జ్ లోపు మ్యాచింగ్ పనికి, క్యాలిబ్రేషన్ శ్రద్ధగా చేస్తే అది చక్కగా సరిపోతుంది.

కాగితం మీది విలువ బోర్డు మీద ఎందుకు మారుతుంది

434 మెగాహెర్ట్జ్ దగ్గర 12.5 ఓమ్‌లను 50 ఓమ్‌లకు మార్చే ఎల్ నెట్‌వర్క్‌ను తీసుకుందాం. రెండు రెసిస్టెన్స్‌ల నిష్పత్తి 4. అందులోంచి 1 తీసి వర్గమూలం తీస్తే నెట్‌వర్క్ క్యూ 1.73 వస్తుంది. తక్కువ ఓమ్‌ల వైపు సిరీస్‌లో 21.65 ఓమ్‌ల రియాక్టెన్స్, అంటే 7.9 నానోహెన్రీల కాయిల్ కావాలి. 50 ఓమ్‌ల వైపు గ్రౌండ్‌కు 28.9 ఓమ్‌లు, అంటే 12.7 పికోఫారడ్‌ల కెపాసిటర్. మార్కెట్లో దొరికే 8.2 నానోహెన్రీలు, 12 పికోఫారడ్‌లు పెడితే లెక్క ప్రకారం రిటర్న్ లాస్ 27 డెసిబెళ్లు రావాలి.

బోర్డు మీద ఇంకా కొన్ని చేరతాయి. కెపాసిటర్‌కు, దాని కింది గ్రౌండ్ వయాకు (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రానికి) కలిపి 0.8 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉందనుకుంటే, 12 పికోఫారడ్‌లు ఆ ఫ్రీక్వెన్సీలో 12.9లా పనిచేస్తాయి. 50 ఓమ్‌ల మైక్రోస్ట్రిప్ ట్రేస్ (బోర్డు మీది రాగి దారి) మిల్లీమీటరుకు సుమారు 0.3 నానోహెన్రీలు చేరుస్తుంది. 3 మిల్లీమీటర్ల ట్రేస్ ఉంటే కాయిల్ 8.2 నుంచి 9.1 అయినట్టే. ఈ రెండూ కలిసి రిటర్న్ లాస్‌ను 27 నుంచి సుమారు 17కు దించుతాయి. కాయిల్‌ను 6.8కి మారిస్తే, ట్రేస్‌తో కలిపి 7.7 అయి, రిటర్న్ లాస్ మళ్లీ 30 దాటుతుంది. ఇక్కడ లెక్క తప్పలేదు, లెక్కలో బోర్డును చేర్చకపోవడమే తప్పు. అందుకే సిమ్యులేషన్‌లో ఆదర్శ కాయిల్ బదులు తయారీదారు ఇచ్చే ఎస్-పారామీటర్ ఫైళ్లను, ట్రేస్‌లను, వయాలను పెట్టి చూడాలి.

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ చిన్నవే పెద్దవవుతాయి. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర 1 నానోహెన్రీ అంటే 15.4 ఓమ్‌లు. షంట్ (దారి నుంచి గ్రౌండ్‌కు కలిపే) కెపాసిటర్ గ్రౌండ్ కొసకు ఒకే వయా పెట్టిన బోర్డుల్లో కెపాసిటర్ విలువ మార్చినా ఫలితం అనుకున్నట్టు కదలకపోవడానికి కారణం ఇదే. ఇక 0.5 నానోహెన్రీల సొంత ఇండక్టెన్స్ ఉన్న 100 పికోఫారడ్ కెపాసిటర్ 712 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్‌కు (రెండు రియాక్టెన్స్‌లు రద్దయ్యే స్థితికి) వస్తుంది, ఆపైన అది ఇండక్టరే. డీసీని ఆపడానికి పెట్టినప్పుడు దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. మ్యాచింగ్‌లో భాగంగా లెక్కవేస్తే మాత్రం మొత్తం తారుమారవుతుంది.

యాంటెన్నా మ్యాచింగ్‌కు సాధారణంగా గ్రీకు అక్షరం π ఆకారంలో మూడు చోట్లు వదులుతారు. మొదట రెండు షంట్ చోట్లను ఖాళీగా ఉంచి, మధ్యలో సున్నా ఓమ్‌ల జంపర్ పెట్టి లోడ్‌ను కొలవాలి. ఆ సున్నా కూడా నిజమైన సున్నా కాదు. 0402 సైజు జంపర్‌కు అర నానోహెన్రీ దాకా ఉండవచ్చు, అది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర 7.7 ఓమ్‌లు. తర్వాత ఒక్కసారికి ఒక్క భాగమే పెట్టి, బిందువు కదిలిన దిశను చూడాలి. స్మిత్ చార్ట్ మీద సిరీస్ కాయిల్ బిందువును రెసిస్టెన్స్ వృత్తం వెంట సవ్యదిశలో నడిపిస్తుంది, సిరీస్ కెపాసిటర్ అపసవ్యదిశలో. షంట్ కెపాసిటర్ కండక్టెన్స్ వృత్తం వెంట సవ్యదిశలో, షంట్ కాయిల్ అపసవ్యదిశలో. పెట్టిన భాగం బిందువును తప్పు వైపు జరిపిందంటే రెండే కారణాలుంటాయి: సున్నా బిందువు తప్పు, లేదా ఆ భాగం తన రెజొనెన్స్ దాటి పనిచేస్తోంది. అక్కడ ఆగి కారణం తేల్చుకోకుండా ఇంకో విలువ ప్రయత్నించడం వృథా. 1939 జనవరిలో ఫిలిప్ స్మిత్ ప్రచురించిన ఆ చార్ట్ ఇప్పటికీ పనికొస్తోందంటే ఈ దిశలను ఒక్క చూపులో పట్టివ్వడం వల్లే. జపాన్‌లో మిజుహాషి తోసాకు అలాంటి చార్ట్‌నే 1937లోనే రూపొందించాడు.

నెట్‌వర్క్ తినే పవర్‌ను కొలవడం

నెట్‌వర్క్ రెండు వైపులా అనలైజర్ పోర్టులు కలిపితే ఎస్11 (వెనక్కి వచ్చిన సిగ్నల్ నిష్పత్తి), ఎస్21 (దాటి వెళ్లిన సిగ్నల్ నిష్పత్తి) రెండూ వస్తాయి. ఒకటిలోంచి ఎస్11 వర్గాన్ని, ఎస్21 వర్గాన్ని తీసేస్తే మిగిలేది వేడిగా పోయిన భాగం. ఉదాహరణకు ఎస్11 మైనస్ 20 డెసిబెళ్లు, ఎస్21 మైనస్ 1 డెసిబెల్ అనుకుందాం. వెనక్కి వచ్చింది 1 శాతం, ముందుకు చేరింది 79.4 శాతం. మిగిలిన 19.6 శాతం నెట్‌వర్క్‌లోనే కరిగిపోయింది. ఎస్11 ఒక్కటే చూసినవారికి ఇది 99 శాతం విజయంగా కనిపించి ఉండేది.

రెండో వైపు లోడ్ 50 ఓమ్‌లు కానప్పుడు ఇబ్బంది మొదలవుతుంది, మ్యాచింగ్ నెట్‌వర్క్ ఉండేదే అలాంటి చోట కదా. దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, 50 ఓమ్‌ల పోర్టుల మధ్యే నాలుగు ఎస్-పారామీటర్లను కొలిచి, సిమ్యులేటర్‌లో అసలు లోడ్‌ను కలపడం. నెట్‌వర్క్ లీనియర్ కాబట్టి ఇది నికరమైన పద్ధతి, సున్నా బిందువులు రెండు వైపులా సరిగ్గా ఉంటే చాలు. రెండోది, ఒకే రకం నెట్‌వర్క్‌లు రెండింటిని వెనుక వెనుక కలపడం. 50 నుంచి 12.5కు ఒకటి, మళ్లీ 12.5 నుంచి 50కి ఇంకోటి. మొత్తం లాస్‌లో సగం ఒక్కోదానిది. మధ్య ఇంపెడెన్స్ నికరంగా రెసిస్టెన్సే అయినప్పుడు ఈ దారి బాగా పనిచేస్తుంది, రియాక్టెన్స్ ఉంటే అది రద్దు కాక రెట్టింపై ఫలితాన్ని చెడగొడుతుంది. మూడోది, నకిలీ లోడ్ పెట్టడం. 12.5 ఓమ్‌ల కోసం ఒకే రెసిస్టర్ వాడకుండా 49.9 ఓమ్‌ల 0402 రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా పెట్టాలి. అలా చేస్తే వాటి సొంత ఇండక్టెన్స్ కూడా నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇందులో తెలిసేది మ్యాచ్ మాత్రమే, లాస్ కాదు.

ఏ విలువ రావాలో ముందే అంచనా ఉంటే కొలతను నమ్మడం తేలిక. సుమారు లాస్ భాగం అంటే నెట్‌వర్క్ క్యూను కాయిల్ క్యూతో భాగించగా వచ్చేది. పైన చూసిన 12.5 ఓమ్‌ల నెట్‌వర్క్‌లో కాయిల్ క్యూ 40 అయితే దాదాపు 4 శాతం, 0.2 డెసిబెళ్ల లోపే. అదే రియాక్టెన్స్ లేని 2 ఓమ్‌లను 50కి మార్చాలంటే నెట్‌వర్క్ క్యూ 4.9 అవుతుంది, లాస్ 12 శాతానికి పెరుగుతుంది. కెపాసిటర్ల క్యూ సాధారణంగా చాలా ఎక్కువ కాబట్టి నష్టంలో సింహభాగం కాయిళ్లదే. మల్టీలేయర్ చిప్ కాయిల్ బదులు అదే విలువ ఉన్న వైర్‌వౌండ్ కాయిల్ పెట్టి చూడడం అందుకే తొలి ప్రయోగం కావాలి. మార్చగానే రిటర్న్ లాస్ కొంచెం దెబ్బతిని, యాంటెన్నా నుంచి వెలువడే సిగ్నల్ పెరిగిందంటే, పాత కాయిల్ ఏం చేస్తోందో తేలిపోయినట్టే.

బ్యాండ్‌విడ్త్ పట్టిచ్చే రహస్యం

లాస్‌ను పట్టుకోవడానికి రెండో పోర్టు అవసరం లేని దారి ఒకటుంది. ఒకే ట్యూన్డ్ సర్క్యూట్‌లా ప్రవర్తించే లోడ్‌ను మధ్య ఫ్రీక్వెన్సీ దగ్గర చక్కగా మ్యాచ్ చేస్తే, రిటర్న్ లాస్ 10 డెసిబెళ్లకు పైగా ఉండే వెడల్పు ఎంతో లెక్క చెప్పవచ్చు. 0.67ను లోడ్ క్యూతో భాగించి, మధ్య ఫ్రీక్వెన్సీతో గుణించాలి. మొదట చూసిన యాంటెన్నాలో 150ని 2తో భాగిస్తే క్యూ 75. అంటే 434 మెగాహెర్ట్జ్ దగ్గర 3.9 మెగాహెర్ట్జ్ వెడల్పు రావాలి. కొలిస్తే 11 మెగాహెర్ట్జ్ వచ్చిందనుకోండి. సంతోషించాల్సిన ఫలితం కాదది. ఆ వెడల్పుకు సరిపోయే క్యూ 26, అంటే సర్క్యూట్‌లో 2 ఓమ్‌లు కాక 5.75 ఓమ్‌లు ఉన్నాయి. మిగిలిన 3.75 ఓమ్‌లు ఎవరివో మనకు ముందే తెలుసు.

భాగాలు ఎన్ని పెంచినా దాటలేని హద్దు కూడా ఉంది. ఇంజనీర్లు బోడె 1945లో, ఫానో 1950లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, లాస్ లేని నెట్‌వర్క్‌తో మంచి రిటర్న్ లాస్‌నూ ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌నూ ఒకేసారి కోరుకోలేం, ఒకటి పెంచితే ఇంకోటి తగ్గాల్సిందే. క్యూ 30 ఉన్న లోడ్‌ను 5 శాతం బ్యాండ్‌విడ్త్‌కు మ్యాచ్ చేస్తే అనంతమైన భాగాలతోనైనా దక్కే రిటర్న్ లాస్ దాదాపు 18 డెసిబెళ్లే. 10 శాతం కావాలంటే 9కి పడిపోతుంది. రెండు మూడు భాగాలున్న నెట్‌వర్క్ ఈ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది. కొలత ఆ హద్దును మించిందంటే నెట్‌వర్క్‌లోనో, యాంటెన్నాలోనో, కేబుల్‌లోనో లాస్ దాక్కుని ఉంది.

చిన్న యాంటెన్నాల విషయంలో దాన్ని నేరుగా కొలిచే పద్ధతిని హెరాల్డ్ వీలర్ 1959లో వివరించాడు. యాంటెన్నా రెసిస్టెన్స్‌ను ముందు బయట కొలిచి, తర్వాత లోహపు డబ్బాతో మూసి కొలవాలి. డబ్బా వ్యాసార్థం తరంగదైర్ఘ్యాన్ని 2πతో భాగించినంత, అంటే 434 మెగాహెర్ట్జ్‌కు సుమారు 11 సెంటీమీటర్లు. మూసినప్పుడు రేడియేషన్ ఆగి లాస్ మాత్రం మిగులుతుంది. బయట 5.75 ఓమ్‌లు, లోపల 3.75 ఓమ్‌లు వస్తే ఎఫిషియెన్సీ 35 శాతం. డబ్బా అంచు గ్రౌండ్ ప్లేన్‌కు చుట్టూ గట్టిగా తాకాలి. సందు ఉంటే ఫలితం చెదిరిపోతుంది.

కేబుల్ కూడా యాంటెన్నా అయిపోతే

చిన్న బోర్డు గ్రౌండే యాంటెన్నాలో సగం. దానికి మీటరు పొడవున్న కేబుల్ తగిలిస్తే గ్రౌండ్ మీటరు పెరిగినట్టే. గీత బాగుంటుంది, కేబుల్ తీసి బ్యాటరీ మీద నడిపితే మ్యాచింగ్ చెదురుతుంది. గుర్తుపట్టడం సులువు. కేబుల్‌ను చేత్తో పట్టుకుని, ఆ చేతిని బోర్డు వైపు జరపాలి. గీత కదిలితే కవచం బయటి వైపున కరెంటు పారుతోంది. ఆ ఫ్రీక్వెన్సీకి తగిన ఫెర్రైట్ పూసలను బోర్డుకు వీలైనంత దగ్గరగా వేయాలి. గిగాహెర్ట్జ్‌ల్లో పావు తరంగదైర్ఘ్యం పొడవున్న లోహపు తొడుగు బాగా పనిచేస్తుంది. కేబుల్‌ను యాంటెన్నాకు దూరంగా, గ్రౌండ్ మధ్యలోంచి బయటికి తీయడం కూడా ముఖ్యం.

తుది కొలత పెట్టె మూసి, బ్యాటరీ, స్క్రూలు, తెర అన్నీ బిగించాకే చేయాలి. ప్లాస్టిక్ దగ్గరికి రాగానే రెజొనెన్స్ కిందికి జారుతుంది. వట్టి బోర్డు మీద కుదిర్చిన మ్యాచింగ్ పెట్టెలో నిలవదు.

50 ఓమ్‌లు లక్ష్యం కాని చోట్లు

పవర్ యాంప్లిఫైయర్ అవుట్‌పుట్‌లో మంచి రిటర్న్ లాస్ వెతకడం సాధారణంగా పొరపాటు. ట్రాన్సిస్టర్‌కు కావలసిన లోడ్‌ను సప్లై వోల్టేజ్, కావలసిన పవర్ నిర్ణయిస్తాయి. 12.5 వోల్టుల మీద 5 వాట్లు రావాలంటే వోల్టేజ్ వర్గాన్ని రెండింతల పవర్‌తో భాగించాలి, 15.6 ఓమ్‌లు వస్తుంది. ట్రాన్సిస్టర్ మీదే మిగిలిపోయే కనిష్ఠ వోల్టేజ్‌ను (knee voltage) తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. కాబట్టి యాంటెన్నా వైపు 50 ఓమ్‌ల లోడ్ పెట్టి, ట్రాన్సిస్టర్ తీసిన ప్యాడ్ దగ్గర నుంచి నెట్‌వర్క్‌లోకి చూసి, ఆ విలువ కనిపిస్తోందో లేదో కొలవాలి. ఆపివేసిన చిప్ పిన్‌లోకి చూసి మ్యాచింగ్ చేయడం మరీ తప్పు. పనిచేసేటప్పుడు ఆ పిన్ ఇంపెడెన్స్ వేరు.

తక్కువ నాయిస్ యాంప్లిఫైయర్ ఇన్‌పుట్‌లోనూ ఇదే తీరు. నాయిస్ కనిష్ఠంగా ఉండే సోర్స్ ఇంపెడెన్స్, గెయిన్ గరిష్ఠంగా ఉండేది ఒకటి కావు. అక్కడ 10 డెసిబెళ్ల రిటర్న్ లాస్‌తో సరిపెట్టుకుని, నాయిస్ ఫిగర్ మీటర్‌తో తేల్చుకోవడమే సరైన పద్ధతి.

నడుస్తున్న యాంప్లిఫైయర్‌ను కొలిచేటప్పుడు అనలైజర్ పోర్టుకు ప్రమాదం పొంచి ఉంటుంది. పోర్టు పక్కన రాసిన డీసీ, ఆర్‌ఎఫ్ హద్దులు ముందుగా చూడాలి, డీసీ బ్లాక్, తగినంత వాట్ల అటెన్యుయేటర్ పెట్టాలి. అటెన్యుయేటర్ పెట్టాక మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాలి. ఇన్‌పుట్ వైపు సోర్స్ పవర్‌ను మైనస్ 30 డీబీఎం (మిల్లీవాట్‌లో వెయ్యో వంతు) దాకా తగ్గించకపోతే యాంప్లిఫైయర్ కంప్రెషన్‌లోకి (గెయిన్ తగ్గిపోయే స్థితిలోకి) వెళ్లి తప్పుడు ఇంపెడెన్స్ చూపిస్తుంది.

భాగాల తేడాలు, పూర్తి పవర్

ఒక్క బోర్డు మీద కుదిరింది వెయ్యి బోర్డుల మీద నిలవాలి. 12.5 ఓమ్‌ల నెట్‌వర్క్‌లో కాయిల్, కెపాసిటర్ రెండూ 5 శాతం అటూఇటూ అయినా రిటర్న్ లాస్ 21 డెసిబెళ్ల కంటే దిగదు, దాని క్యూ తక్కువ కాబట్టి. 2 ఓమ్‌ల యాంటెన్నాలో అదే 5 శాతం తేడా రెజొనెన్స్‌ను దాదాపు 11 మెగాహెర్ట్జ్ జరుపుతుంది. లాస్ లేని కాయిల్‌తో దాని వెడల్పు 3.9 మెగాహెర్ట్జ్ మాత్రమే. అక్కడ 2 శాతం కాయిల్ వాడినా చాలదు. ట్యూనింగ్‌కు వీలు కల్పించాలి, లేదా యాంటెన్నానే మార్చాలి. పైగా చిన్న విలువల్లో టోలరెన్స్ కళ్లు కప్పుతుంది. 0.5 పికోఫారడ్ మీద 0.1 పికోఫారడ్ తేడా అంటే 20 శాతం.

కెపాసిటర్లు సీ0జీ రకమే ఉండాలి. వాటి మార్పు డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకు మించదు. ఎక్స్7ఆర్ రకం తన ఉష్ణోగ్రత పరిధిలో 15 శాతం దాకా మారగలదు, లాస్ కూడా ఎక్కువ.

అనలైజర్ పంపే మిల్లీవాట్‌లో దాగినవి పూర్తి పవర్‌లో బయటపడతాయి. 50 ఓమ్‌లలో 100 వాట్లంటే 100 వోల్టుల శిఖరం, 2 ఆంపియర్ల శిఖర కరెంటు. నెట్‌వర్క్ లోపల క్యూను బట్టి అవి కొన్ని రెట్లు పెరుగుతాయి. అందుకే పవర్‌ను మెల్లగా పెంచుతూ, డైరెక్షనల్ వాట్‌మీటర్‌తో వెనక్కి వచ్చే పవర్‌ను, థర్మల్ కెమెరాతో భాగాలను చూడాలి. వెనక్కి వచ్చే పవర్ మొదట తక్కువగా ఉండి, ఐదు నిమిషాల్లో నెమ్మదిగా పెరుగుతూ పోతే, ఏదో భాగం వేడెక్కి విలువ మారుతోంది. కెమెరాలో అన్నిటికంటే తెల్లగా మెరిసే భాగం అదే. దాన్ని మార్చి, చల్లారాక మళ్లీ మొదటి నుంచి కొలవాలి.